ఏటి గట్టున పీచు

దాలినాయుడు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యుడు ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడు. చేతిలో పని ఆపి, కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని పనిలో పడిపోతాడు. అడిగినవాడు తన ప్రశ్న తానే మరిచిపోయాక, ఏదో ఒక రోజున జవాబు దానంతటదే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఈ అలవాటుకు తట్టుకోలేకే వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లలో పైడిరాజు ఒకడు. ముప్పై ఏళ్లవాడు, పనిమంతుడు, కాస్త తొందర మనిషి.

మాస్టారిది విశాఖపట్నంలో కురుపాం మార్కెట్ వెనక సందులో చిన్న రిపేరు కొట్టు. ఒకప్పుడు ఓడల మీద పనిచేసేవాళ్లు పిల్లల కోసం సింగపూరు నుంచి తెచ్చిన చేతి వీడియో గేములు ఇప్పటికీ అటకల మీంచి దిగి అక్కడికే వస్తుంటాయి. వాటిలో జనం ప్రాణం పెట్టుకునేది జీవాలను పట్టి పెంచే ఆట మీద. గడ్డిలో నడుస్తుంటే వింత జీవాలు ఎదురవుతాయి. పట్టుకోవాలి, పేరు పెట్టాలి, పోటీలకు దించాలి, ఒక్కో లెవెలే పైకి తేవాలి. దానికి నెలలు పడుతుంది. అంత ఓపిక లేనివాళ్ల కోసం చీట్ డబ్బా అని ఒకటుంది. ఆట ఉండే క్యాసెట్టుకూ చేతి గేముకూ మధ్య దాన్ని దూర్చి నాలుగంకెలు నొక్కితే ఎంత బలమైన జీవమైనా క్షణంలో మన సంచిలో ఉంటుంది. పైడిరాజు తన క్యాసెట్టు నిండా జీవాలను అలాగే నింపుకున్నాడు. నింపాక మళ్లీ దాన్ని తెరవలేదు కానీ, ఆ సంగతి తనకే తట్టలేదు.

ఒకరోజు టీ తాగుతూ మాస్టారిని అడిగాడు.

“అంకెలు అవే. బలం అదే. పేరు కూడా మనకి నచ్చిందే పెట్టుకోవచ్చు. మరి పెంచినదానికీ డబ్బాలోంచి తీసినదానికీ తేడా ఏటి మాస్టారూ?”

కొట్టిపారేయదగిన ప్రశ్నేమీ కాదు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ నెలాఖరులో సన్యాసిరావు అనే ఆయన కొట్టుకొచ్చాడు. పోర్టులో క్రేను నడుపుతాడు. పెద్ద పెద్ద ఇనప కడ్డీలను గాల్లోకి లేపే ఆ చేతులు రుమాల్లో చుట్టిన చిన్న గేమును గుడ్డును దించినంత పదిలంగా బల్ల మీద పెట్టాయి. అది ఆయన కూతురు హైమది. రెండేళ్ల క్రితం, పద్నాలుగేళ్ల వయసులో, జ్వరంతో ఆసుపత్రికి వెళ్తూ దీన్ని తండ్రి చేతిలో పెట్టి, నేనొచ్చేదాకా కదపకు నాన్నా అని చెప్పిందట. ఆ పిల్ల తిరిగి రాలేదు.

అప్పట్నుంచి రోజూ డ్యూటీకి వెళ్లేముందు ఆయన దాన్ని ఒక్కసారి తెరుస్తాడు, చూస్తాడు, ఆపేస్తాడు. ఆటలో ఓ ఏటి గట్టున చిన్న ఆడపిల్ల బొమ్మ నిలబడి ఉంటుంది. ఆ బొమ్మ పేరు హైమ. పక్కనే కొబ్బరి పీచులాంటి మీసాలున్న ఓ నత్త. దానికి హైమ పెట్టిన పేరు పీచు. ముప్పై ఏడో లెవెల్లో ఉంది. అన్నిటికంటే చేతకాని జీవాన్ని పట్టుకుని అంతదూరం తెచ్చిందంటే ఆ పిల్ల దానితో ఎంత తంటాలు పడి ఉండాలో పైడిరాజుకు తెలుసు. ఆడిన సమయం రెండు వందల పన్నెండు గంటలని తెర మీద ఓ మూల కనిపిస్తోంది. ఈమధ్య తెరిచినప్పుడల్లా క్యాసెట్టు లోపలి బ్యాటరీ సెల్లు అయిపోవచ్చిందని హెచ్చరిక వస్తోందట. సెల్లు చస్తే ఆట మొత్తం చెరిగిపోతుందని ఎవరో చెప్పారట. ఆటా గీటా తనకేం తెలీదనీ, ఇది మాత్రం చెరిగిపోకుండా చూడమనీ ఆయన బతిమాలుకున్నాడు.

అలాంటి పనికి ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. పాత సెల్లు పీకేముందు, పొడుగు తీగలున్న ఇంకో సెల్లును దాని కాళ్లకు అతికిస్తారు. పాతది తీసి కొత్తది పెట్టేదాకా కరెంటు ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఆ తీగల సెల్లు గోడకు మేకు మీద వేలాడుతూ ఉంటుంది. మర్నాడు మాస్టారికి కంటి ఆపరేషను. వెళ్తూ వెళ్తూ పైడిరాజుకు ఆ మేకు వైపు చూపించి మరీ వెళ్లాడు.

పైడిరాజు పీచు అంకెలన్నీ ముందుగా ఫోనులో ఫోటో తీసుకున్నాడు. అది మంచి పనే. కానీ ఆ ఫోటో ఉందన్న ధీమాయే వాణ్ణి ముంచింది. లేచి మేకు దగ్గరకెళ్లి, తీగలు అతికించి, పని చేయడం పావుగంట తతంగం. చెయ్యి చురుగ్గా ఆడిస్తే రెండు క్షణాల్లో సెల్లు మార్చేయొచ్చు, అంతలో ఏం కాదులే అనుకున్నాడు. ఒకవేళ పోయినా డబ్బా ఉందిగా అని కూడా అనుకున్నాడు. ఆ రెండో మాట మనసులో లేకపోతే వాడు తప్పకుండా లేచేవాడు.

కొత్త సెల్లు పెట్టి తెరిచాడు. ఏరు లేదు, పిల్ల లేదు, పీచు లేదు. ‘కొత్త ఆట’ అన్న ఒక్క వరుస మాత్రం వెలుగుతోంది. ఆపి మళ్లీ తెరిచాడు. అదే వరుస.

తర్వాత రెండు రోజులు ఇంకే పనీ ముట్టకుండా కూర్చున్నాడు. కొత్త ఆట మొదలుపెట్టి ఆ బొమ్మకు హైమ అని పేరు పెట్టాడు. గోడల్లోంచి నడిపించే అంకెలు నొక్కి, దారిలో ఒక్క పోటీ లేకుండా ఆమెను తిన్నగా ఏటి గట్టుకు తీసుకొచ్చాడు. డబ్బాలోంచి నత్తను తీశాడు, పీచు అన్నాడు, ఫోటో చూసుకుంటూ ఒక్కో అంకే సరిచేశాడు. రెండు వందల పన్నెండు గంటలను కూడా తెచ్చి పెట్టాడు. అంతా అయ్యాక ఫోటో పక్కన పెట్టి చూసుకుంటే ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. భయం తగ్గి, తన పనితనానికి తనకే కొంచెం ముచ్చటేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదని నిశ్చయించుకున్నాడు.

సన్యాసిరావు వచ్చిన ఉదయానికి మాస్టారు కూడా కొట్టుకొచ్చాడు, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని. రాగానే ఆ ఒంటికన్ను మేకు మీదికి వెళ్లింది. తీగల సెల్లు మీద దుమ్ము అలాగే ఉంది. ఆయన వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు.

సన్యాసిరావు గేము తెరిచాడు. చాలాసేపు కళ్లు తిప్పలేదు. పైడిరాజు అంకెలను మరోసారి మనసులో లెక్కేసుకున్నాడు.

“ఇన్నాళ్లూ ఏటి వేపు తిరిగి ఉండీది బాబూ,” అన్నాడాయన.

పైడిరాజు వంగి తెరలోకి చూశాడు. అంకెలకు ఫోటో తీశాడు గానీ, ఆ పిల్ల ఎటు తిరిగి నిలబడిందో చూసుకోలేదు. తను నడిపించుకొచ్చిన బొమ్మ ఏటికి వీపు పెట్టి, తెరలోంచి బయటికి చూస్తోంది. ఇక దాచి లాభం లేదు, చెప్పేద్దామని నోరు తెరిచాడు.

“రెండేళ్లు నాకు వీపే చూపించినాది,” అన్నాడు సన్యాసిరావు. “నాన్న మీద కోపమేమో అనుకునీవాణ్ణి. ఆసుపత్రికి ఒక రోజు ముందు తీసుకెళ్లుంటే బతికీది. ఇప్పుడు చూడు, నాకేసి తిరిగినాది.”

ఆయన ఏడ్చాడు, నవ్వాడు. తెర మీద బొటనవేలితో ఆ బొమ్మ తల నిమిరాడు. కోపం పోయింది గనక ఇక తను ఆడినా పిల్ల ఏమీ అనుకోదనీ, పీచును ముప్పై ఎనిమిదికి తేవడం ఎలాగో నేర్పమనీ పైడిరాజును అడిగాడు. డ్యూటీ దిగి రోజూ సాయంత్రం వస్తానన్నాడు. పైడిరాజు తల ఊపాడు. ఇంకేం చేయగలడు? ఆ తల ఊపుతో నిజం చెప్పే దారి మూసుకుపోయిందనీ, తను ఏటి గట్టున నిలబెట్టిన ఆ అబద్ధాన్ని ఇక రోజూ తన చేత్తోనే పెంచాలనీ వాడికి అర్థమైంది. సన్యాసిరావు గేమును రుమాల్లో చుట్టుకుని, మాస్టారికి కూడా దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పైడిరాజు బల్ల దగ్గరే తల వంచుకుని నిలబడిపోయాడు. బయట మార్కెట్ గోల మామూలుగానే వినిపిస్తోంది. మాస్టారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో నెమ్మదిగా తుడిచాడు.

“అంకెలన్నీ సరిపోయినాయా?”

“సరిపోయినాయి మాస్టారూ.”

“మరెందుకురా ఏడుస్తున్నావు?” అన్నాడాయన.