ఎదుటి గదిలో ఓబులమ్మ

పన్నెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుని తయారుచేసిన నౌకను గురువు ముందు నిలబెడితే, ఆవిడ దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఇంకా కాలేదు నాయనా" అని వెళ్లిపోయింది. ఏం కాలేదో చెప్పలేదు. మరుసటి ఏడు మళ్లీ అదే మాట. తిప్పేస్వామికి అప్పట్నుంచి తిండి సయించడం లేదు.

ఆ గురువు పేరు ఓబులమ్మ. అనంతపురం అవతల, గుండ్లు తప్ప మరేమీ మొలవని గుట్టల మీద ఒక కార్ఖానా ఉండేది. చుక్కల దగ్గరికి పంపే నౌకలు అక్కడ తయారయ్యేవి. వాటిలో మనుషులుండరు. ఒంటరిగా బయల్దేరి, ఏ నూటయాభై ఏళ్లకో ఏదో ఒక కొత్త నేల మీద దిగుతాయి. అక్కడ ఎవరైనా ఎదురుపడితే ఏం చేయాలో ఇంటికి కబురు పెట్టి అడిగే వీలు లేదు. జవాబు చేరేలోపు ఇక్కడ ఒక తరం గడిచిపోతుంది. అందుకని నేర్పాల్సిన బుద్ధులన్నీ ముందే నేర్పి పంపాలి. ఆ పనికి పెద్ద దిక్కు ఓబులమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ సెలవిస్తేనే నౌక గుట్ట దిగేది. ఆవిడ కూర్చోబెట్టి పాఠం చెప్పగా చూసినవాళ్లు మాత్రం లేరు. ఏదైనా అడిగితే వేరుశనక్కాయలు ఒలుస్తూ వినేది, అంతే.

తిప్పేస్వామి తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. ఎదురుపడ్డది రాయో, బుద్ధి ఉన్న ప్రాణో తేల్చడానికి తొమ్మిది ప్రశ్నలు కట్టాడు. వెలుగు మిణుకుమనిపించి అడిగేది ఒకటి, చప్పుడు చేసి అడిగేది ఒకటి, చుక్కలు పేర్చి లెక్కలు చూపించేది ఒకటి, నేలను తట్టి అడిగేది ఒకటి, ఇలా. వినే మనిషి దొరికితే చాలు, తొమ్మిదీ అప్పజెప్పేవాడు. క్యాంటీన్లో అతని పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా జనం నిలబడే టీ తాగేవారు.

ఏ ప్రశ్నకు ఏ రకంగా బదులొచ్చినా నౌక చెయ్యి ముడుచుకుని వెనక్కి తగ్గుతుంది. తొమ్మిదింటికీ బదులు లేకపోతే అది రాయి కింద లెక్క. అప్పుడు డ్రిల్లు దించి, ముక్క తీసి, కడుపులో దాచుకుంటుంది. ఒంట్లో వేడి ఉందా, ఊపిరి ఆడుతోందా అన్నవి లెక్కలోకి రావు. అక్కడి ప్రాణులు మనలాగే వెచ్చగా ఉండాలనేముంది, ఎండకు బండ కూడా కాలుతుంది కదా అని అతనే వాటిని తీసేశాడు. గాలికి ఊగినట్టు ఒకే తీరున అల్లాడేది కూడా కదలిక కాదన్నాడు. అందరూ మెచ్చుకున్నారు.

ఈసారి గడువు నెలాఖరు. దాటితే ప్రయోగం వంతు వేరే కార్ఖానాకు పోతుంది. మళ్లీ ఈ గుట్టకు వంతు వచ్చేది పందొమ్మిదేళ్లకు. తిప్పేస్వామికి నలభై ఎనిమిది నిండాయి. పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ నౌకనే పట్టుకుని వేలాడినవాడు. అది పోకపోతే తను ఇన్నాళ్లూ బతికింది దేనికని ఒకరోజు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని నిజంగానే ఏడ్చాడు.

చివరికి వెళ్లి ఓబులమ్మ ముందు నేలమీద కూర్చున్నాడు. లోపమేమిటో చెబితే దిద్దుకుంటానని బతిమాలాడు. ఎదుటి గదిలో పెట్టి చూశావా అని ఆవిడ అడిగింది.

ఎదుటి గది ఆ గుట్ట మీది ఆనవాయితీ. నౌక కళ్లూ చెవులూ చెయ్యీ ఒక గదిలో బిగిస్తారు. దాని ముందుకు ఒక మనిషి వెళ్లి, తెలియని లోకపు ప్రాణిలా కూర్చోవాలి. ఎలా ఉండాలన్నది ఆ మనిషి ఇష్టం. డ్రిల్లు మాత్రం నిజమైనదే ఉండాలి. ఉత్తుత్తిది పెడితే చేసేవాడికి భయం ఉండదని ఓబులమ్మే పెట్టిన కట్టుబాటు అది. బయట అద్దం వెనక, నౌకను చేసినవాడి చేతిలో ఒక ఎర్ర మీట ఉంటుంది. నొక్కితే అంతా ఆగిపోతుంది. కానీ నొక్కితే నౌక ఓడినట్టే, ఆ ఏడు ఇక కదలదు.

ఏడుగురిని కూర్చోబెట్టానని తిప్పేస్వామి చెప్పాడు. ఒకడు చప్పట్లు కొట్టాడు, ఒకడు పాకాడు, ఒకమ్మాయి నాట్యం చేసింది. ఏడుగురినీ నౌక పావుగంట తిరక్కుండా పసిగట్టింది. మీట మీద చెయ్యి వేసే అవసరమే రాలేదు.

"అయితే రేపు నేను కూర్చుంటా" అంది ఓబులమ్మ.

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. తొమ్మిదింటికి ఓబులమ్మ గదిలోకి వెళ్లి, నేలమీద కూర్చుని, కుడిచెయ్యి డ్రిల్లు కిందున్న బండ మీద బోర్లించి, కళ్లు మూసుకుంది. తలుపు బిగించారు. పరీక్ష అయ్యేదాకా, లేదా మీట నొక్కేదాకా, అది తెరుచుకోదు. కొత్త నేల మీద బదులు కోసం ఆరు రోజులు ఆగే నౌకకు ఇక్కడ ఆరు గంటలు పెట్టారు.

వెలుగు మిణుకుమంది. ఆవిడ కళ్లు తెరవలేదు. కొంతసేపటికి చప్పుడు వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడలేదు. అద్దం ముందు చేరినవాళ్లు మొదట్లో నవ్వుకున్నారు. పెద్దావిడ ఆటపట్టిస్తోందని తిప్పేస్వామి కూడా నవ్వాడు. నాలుగో ప్రశ్నకు నవ్వులు ఆగిపోయాయి. మధ్యాహ్నం భోజనాలకు ఎవరూ కదల్లేదు. ఎనిమిదోది కూడా అయిపోయేసరికి అతను మీట చేతిలోకి తీసుకున్నాడు.

తొమ్మిదోది అతను అన్నిటికంటే ముద్దుగా చేసుకున్నది. నౌక తన చేతిని మెల్లగా చాచి, తాకకుండా, ఎదుటి ప్రాణి ముందు తెరిచి ఉంచుతుంది. అరగంట అలాగే ఉంచింది. ఓబులమ్మ దానివైపు చూడనైనా చూడలేదు.

మూడింటికి గంట మోగింది. డ్రిల్లు దిగేముందు ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమని అతనే రాశాడు. ఆ ఇరవై అంకెల్లో ఎదుటిది కదిలితే ఆగిపోతుంది.

ఇరవై. తిప్పేస్వామి బొటనవేలు మీట మీదే ఉంది. ఆవిడ చెయ్యి తీసేస్తుందిలే అనుకున్నాడు. పదిహేను. ఇంత పెద్ద మనిషి చూస్తూ చూస్తూ చెయ్యి పోగొట్టుకుంటుందా. ఆవిడ ఒక్క వేలు కదిపితే చాలు, నౌక గెలుస్తుంది, నెలాఖరుకు బయల్దేరుతుంది. పక్కన నిలబడ్డ నర్సు హుసేన్‌బీ, "నొక్కన్నా" అంది. అతనికి వినబడింది. పది. నొక్కితే పందొమ్మిదేళ్లు. ఆరు. ఓబులమ్మ కనురెప్పలు అదరడం అద్దంలోంచి స్పష్టంగా కనిపించింది. ఆవిడకు భయమేస్తోందని అతనికి అర్థమైంది. నౌక ఆ అదురును గాలి కింద కొట్టేసింది. మూడు. తీస్తుంది, ఇప్పుడు తీస్తుంది అనుకుంటూ అతను చూస్తూనే ఉన్నాడు.

డ్రిల్లు దిగింది. బండ మీద రక్తం కనబడ్డాక అతను మీట నొక్కాడు.

తలుపు తెరుచుకోగానే హుసేన్‌బీ అందరినీ తోసుకుంటూ లోపలికి పరిగెత్తింది. ఉంగరపు వేలి కింద ఎముక చీలిపోయింది. ఆ వేలూ చిటికెన వేలూ ఇక ముడుచుకోవని చెబుతూ ఆమె తల తిప్పుకుంది. ఓబులమ్మ కేకలు పెట్టలేదు గానీ, నొప్పికి ఆవిడ కళ్లు కారుతూనే ఉన్నాయి, దవడలు వణుకుతున్నాయి. అంతమందిలో ఎవరూ తిప్పేస్వామి ముఖం చూడలేదు.

అతను ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"ఒక్క వేలు కదిపుంటే సరిపోయేది కదమ్మా. ఎందుకు బదులివ్వలేదు?"

"ఇయ్యబుద్ధి కాలేదు" అంది ఓబులమ్మ.

ఆ మాటను అతను చప్పున అందుకున్నాడు. తెలివైనవాడు కదా. పలకడం ఇష్టంలేని ప్రాణి గురించి తను ఆలోచించనే లేదన్నాడు. పదో ప్రశ్న చేరుస్తానన్నాడు. ఆరు రోజుల్ని ఆరేళ్లు చేస్తానన్నాడు. వేడినీ ఊపిరినీ మళ్లీ లెక్కలోకి తెస్తానన్నాడు. కొత్త చొక్కా చేతుల మీద ఆవిడ రక్తం అంటుకుని ఉంది, అయినా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆపితే ఆ గదిలో ఇంకేం వినాల్సి వస్తుందోనని అతనికి భయంగా ఉంది.

"తప్పు నౌకది కాదమ్మా" అన్నాడు చివరికి. "అక్కడున్నది మనిషని దానికెట్లా తెలుస్తుంది?"

హుసేన్‌బీ కట్టు ముడివేసి లేచింది. ఓబులమ్మ ఎడంచేత్తో కళ్లు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

"దానికి తెలీదు నాయనా. నీకు తెలుసు కదా."