జనం మైకు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు బాజీ మేస్త్రి మైకు తలకున్న స్పాంజి తొడుగు ఊడదీసి, మగ్గులో సబ్బునీళ్లు కలిపి ఉతికి, రెండుసార్లు పిండి, వ్యాను అద్దం మీద ఆరేశాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఏ సభకైనా ఆయన మొదట చేసే పని ఇదే. మాట్లాడబోయేది పీఠాధిపతి అయినా, ఓడిపోయిన సర్పంచి అయినా, తొడుగు ఉతకకుండా మైకును వేదిక ఎక్కించడు.

ఆయన దగ్గర ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్న ఏలియా ఆ తొడుగు వంకే చూస్తూ అడిగాడు.

“గురువుగారూ, మా అమ్మని దొంగ అన్న నోటికి మనం గొంతు ఎందుకివ్వాలి?”

“నాలుగో స్తంభం మీద లౌడుస్పీకరు హారను పక్కకి తిరిగింది. సరిచేసి రా” అన్నాడు మేస్త్రి.

ఏలియా తల్లి సుగుణమ్మ సిరివరం బళ్లో పంతొమ్మిదేళ్లు పిల్లలకి మధ్యాహ్న భోజనం వండింది. బళ్లలో పొయ్యిలు తీసేసి, అరవై కిలోమీటర్ల అవతల ఒకే పెద్ద వంటశాల పెట్టి, అక్కణ్ణుంచి వ్యానుల్లో అన్నం పంపుతామని ప్రభుత్వం చెప్పినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల వంట ఆయాలంతా సిరివరం బస్టాండు ఎదుట షామియానా వేసుకుని కూర్చున్నారు. నలభై రెండో రోజున పోలీసులు షామియానా తాళ్లు కోశారు. తోపులాటలో కొందరికి గాయాలైనట్టు పత్రికల్లో వచ్చింది. సుగుణమ్మ ఎడమ మణికట్టు విరిగింది తోపులాటలో కాదు, లాఠీ దెబ్బకి.

మూడు రోజుల తర్వాత పక్క జిల్లా సభలో అధికార పార్టీ నాయకుడు ఈ సంగతి ఎత్తుకున్నాడు. ఆయాలు అద్దె మనుషులన్నాడు. పిల్లల గుడ్లు ఎత్తుకుపోయిన దొంగలన్నాడు. వాళ్ల తరఫున వ్యాసం రాసిన కాలేజీ లెక్చరరును పేరుపెట్టి పిలిచి, నీ సంగతి చూస్తానన్నాడు. సభ చప్పట్లతో మోగిపోయింది. ఆ వీడియోను సుగుణమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసింది. “వేళ్లు కాలతన్నా ఒలిచి పెట్టేదాన్నిరా ఆ గుడ్లు” అంది.

ఇవాళ అదే నాయకుడు సిరివరం వస్తున్నాడు. ఏలియా మనసులో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. వేదిక మీది మైకు తీగ, శబ్దాలన్నీ కలిపే మిక్సరులోకి చేరే ముందు బల్ల కింద ఒక అతుకు ఉంటుంది. సమయానికి దాన్ని కాలితో ఒక్క లాగు లాగితే చాలు, ఆ గొంతు మూగబోతుంది.

మేస్త్రి ఆ అతుకు వంక ఒకసారి, శిష్యుడి చెప్పుల వంక ఒకసారి చూశాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి అతని చేతికిచ్చాడు.

“వేదిక మైకు నేను చూసుకుంటా. ఇవాళ జనం మైకు నీది” అన్నాడు.

జనం మైకు అంటే, ఆడవాళ్లు కూర్చునే వైపు గెడకి కట్టి కిందికి వేలాడదీసే మైకు. అందులో పడ్డ శబ్దం హారన్లలోకి రాదు. టీవీ వాళ్లకి వెళుతుంది, వేదిక మీద నాయకుడి కాళ్ల దగ్గరుండే రెండు చిన్న పెట్టెల్లోకి వెళుతుంది. బయలు మైదానంలో చప్పట్లు గాలికి పోతాయి. తన మాటకి జనం ఏమన్నారో నాయకుడికి తెలియాలంటే ఆ పెట్టెలే దిక్కు. మిక్సరు మీద ఆ మైకు మీట పక్కనే ఇంకో మీట ఉంది. పార్టీ వాళ్లు పెన్‌డ్రైవులో ఇచ్చిన చప్పట్లు, ఈలలు, జేజేలు ఆ మీట పైకి తోస్తే జనం గొంతులో కలిసిపోతాయి. అన్ని పార్టీలకూ ఈ అలవాటుంది. మేస్త్రి అన్ని పార్టీలకూ ఆ మీట తోశాడు. ఆ సంగతి ఏలియాకి తెలుసు.

నాయకుడు నాలుగూ నలభైకి వేదిక ఎక్కాడు. పోలీసుల లెక్కన పద్నాలుగు వేల మంది, పార్టీ లెక్కన యాభై వేలు. ఆడవాళ్లలో ఎక్కువమంది ఊళ్ల నుంచి బస్సుల్లో తెచ్చిన పొదుపు సంఘాల వాళ్లు. మొదటి అరగంట రోడ్లు, కాలువలు నడిచాయి. చప్పట్లు పడ్డాయి, నిజమైనవే. ఐదూ పదహారుకి నాయకుడు గొంతు మార్చాడు.

“మీ ఊళ్లో షామియానా వేసుకుని కూర్చున్నారే, గరిటెలు పట్టుకున్న రౌడీలు. మీ పిల్లల నోటి దగ్గర గుడ్డు లాక్కున్నవాళ్లు. వాళ్లు దొంగలా, కాదా? నేను కాదు, మీరే చెప్పండి అక్కా. గట్టిగా చెప్పండి.”

అని ఆగాడు. ఏ సభలోనైనా అక్కడే ఆగుతాడు.

ఏలియా కాలు అతుకు మీద ఉంది. కానీ చెవుల్లోకి రావలసింది రాలేదు. చప్పట్లు లేవు, కేకలు లేవు. గెడ మీది మైకు పోయిందేమోనని దాని మీట మరికాస్త పైకి తోశాడు. అప్పుడు వినిపించాయి. గాజుల చప్పుడు. ఎవరో నీళ్ల ప్యాకెట్టు కొరికిన చప్పుడు. చంటిపిల్ల దగ్గు. మైకు కిందనే కూర్చున్న ఒక ముసలామె గొంతు.

“మా బళ్లో వండే కోటమ్మనా ఈయన దొంగంటంది?”

“మా రాహేలమ్మని కూడానంట. చప్పట్లు కొట్టమాక పెద్దమ్మా.”

“ఎవురు కొడతన్నారే. చేతులు ఒళ్లోనే ఉండయ్యి.”

తర్వాత ఆ గొంతులు కూడా ఆగాయి. దూరంగా జనరేటరు మోత, దాని కింద మరొకటి. వేలమంది ఒక్కచోట కూర్చుని, ఎవరికి వారే నోరు తెరవకూడదనుకున్నప్పుడు పుట్టే శబ్దం అది. ఏడేళ్లలో ఏలియా మైకుల్లో పడగల శబ్దాలన్నీ విన్నాననుకున్నాడు. దీనికి పేరు కూడా అతనికి తెలియదు.

సభ ఏర్పాట్లు చూసే రంగబాబు పరుగున వచ్చి బల్ల మీదికి వంగాడు. “ఏం బాజీ, నిద్రపోతున్నావా? చప్పట్లెయ్యి.”

మేస్త్రి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. “అది అబ్బాయి చూస్తన్నాడండీ” అన్నాడు.

“ఏరా, చెవుడా నీకు? చప్పట్ల మీట తొయ్యమంటంటే.”

ఏలియా తొయ్యలేదు. అతను వేదిక వంక చూస్తున్నాడు. నాయకుడు తల వంచి కాళ్ల దగ్గరి పెట్టెలను చూశాడు. ఆ తర్వాత మైకును వేలితో రెండుసార్లు తట్టాడు. టక్, టక్. ఆ చప్పుడు పద్దెనిమిది హారన్లలోంచి మైదానం చివరిదాకా స్పష్టంగా వెళ్లి, బస్టాండు గోడకి తగిలి వెనక్కి వచ్చింది. మైకు బాగానే ఉందని మైదానంలో ప్రతి ఒక్కరికీ తెలిసింది. నాయకుడికీ తెలిసింది.

ఏలియా అతుకు మీది కాలు మెల్లగా ఎత్తి, పొరపాటున కూడా తగలకుండా దూరంగా పెట్టుకున్నాడు. మిక్సరు గడియారంలో అప్పటికి ముప్ఫై రెండు సెకన్లు గడిచాయి.

నాయకుడు కాగితం తిప్పి మళ్లీ కాలువల దగ్గరికి వెళ్లిపోయాడు. ముందు వరసలో కార్యకర్తలు ఆలస్యంగా ఈలలు వేశారు. వాళ్లు ఎంత కొద్దిమందో ఆ ఈలల్లోనే తెలిసిపోయింది. సభ ఇరవై నిమిషాలు ముందుగా ముగిసింది.

“ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం అంటివి. ఇదా నీ అనుభవం?” అన్నాడు రంగబాబు, కుర్చీలు ఎత్తుతుండగా.

“మైకు పనిచేసింది గదా, రంగబాబు గారూ” అన్నాడు మేస్త్రి తీగ చుట్టుకుంటూ.

“పనిచేసింది కాబట్టేనయ్యా ఈ ఏడుపు. ఈ జిల్లాలో ఇంకో సభకి నీ పెట్టెలు ఎట్టా వస్తాయో చూస్తా.”

చూశాడు కూడా. మర్నాటికి రెండు సభలు, ఒక కార్పొరేటరు గారి కూతురి పెళ్లి చేజారాయి.

సభ జరిగిన రాత్రే సుగుణమ్మకి ఏలియా జరిగింది చెప్పాడు. “ఒక్కళ్లు కూడానా?” అని అడిగింది. ఒక్కళ్లు కూడా కొట్టలేదన్నాడు. “మళ్లీ మొదట్నించీ చెప్పు” అంది.

మేస్త్రిని మాత్రం ఏలియా రెండు రోజులకి మళ్లీ కదిలించాడు. “ముప్ఫై రెండు సెకన్లు గురువుగారూ. ఆ తర్వాత ఏం జరగనట్టే కాలువల గురించి చెప్పుకున్నాడు. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉందంటారా? మీకు చూస్తే పని పోయింది.”

“ఆ టంకం కడ్డీ ఇటు అందుకో” అన్నాడు మేస్త్రి.

సభ జరిగిన పదో రోజున, పక్క జిల్లాలో మైకులు పెట్టే కృపానందం పొడుగు తీగ ఒకటి అరువడగడానికి వచ్చాడు. మర్నాడు వాళ్ల ఊళ్లో అదే నాయకుడి సభ. పార్టీ ఆఫీసు పంపిన ఏర్పాట్ల జాబితా అతని జేబులో ఉంది. ఏలియా తీసుకుని చదివాడు. హారన్లు, జనరేటర్లు, తివాచీ, అన్నీ ఎప్పటివే. చివర ఒక వాక్యం మాత్రం పెన్నుతో కొత్తగా చేర్చారు. జనం మైకు పెట్టకూడదు, వేదిక మీది చిన్న పెట్టెలు తీసెయ్యాలి.

“ఇదెవరు రాయించారన్నా?” అన్నాడు ఏలియా.

“నాయకుడు గారే దగ్గరుండి రాయించాడంట. ఎందుకో మాకూ తెలవదు” అన్నాడు కృపానందం.

బాజీ మేస్త్రి తెగిన తీగకి టంకం వేస్తున్నాడు. ఆ చుక్క చల్లారేదాకా ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు.

“అయితే విన్నాడు.”