ఎడమవైపు దారి

ఎవరైనా ప్రశ్న అడిగితే ఇమ్మానుయేలు మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. చేతిలోని బంతిని ఒకసారి నేలకు కొట్టి, గాలి సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు అడిగినవాళ్ల ముఖంలోకి చూస్తారు. చాలా ఏళ్లు జీతం తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడి, దేశపు జట్టుకు నాయకుడిగా కూడా నిలబడిన మనిషి ఆయన. ఆట మానేశాక భీమిలిలో, ఉప్పుగాలికి బోర్డుల రంగు వెలిసిపోయిన చిన్న కోర్టులో ఆడపిల్లలకు ఆట నేర్పేవారు. నేను ఆయనకు సహాయకుణ్ణి. "నేను గొప్ప ఆటగాణ్ణి" అని ఆయన అనడం చాలాసార్లు విన్నాను. ఎత్తు ఎంతని అడిగితే చెప్పినంత మామూలుగా ఆ మాట అనేవారు.

ఆ రోజు సాయంత్రం ప్రశ్న అడిగింది రజియా. మర్నాడే రాష్ట్ర జట్టు ఎంపిక కోసం పోటీ. జట్టులో ఒకే ఒక స్థానం మిగిలింది. దానికి నిలబడింది రజియా, ఆమె ప్రాణస్నేహితురాలు హేమలత. ఇద్దరూ ఎదురెదురు జట్లలో, ఒకరినొకరు కాచుకుంటూ ఆడాలి. కిందటేడు హేమలత ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ పిల్ల మళ్లీ కోర్టులో అడుగుపెట్టిందన్న సంతోషంతో, ప్రాక్టీసులో తోటిపిల్లలంతా ఆమెకు దారి వదిలేసేవారు. ఆమె బంతి వేస్తే చప్పట్లు కొట్టేవారు.

"డాక్టరుగారు ఆడొచ్చన్నారు మాస్టారూ," అంది రజియా. "కాని అది ఎడమవైపు తిరగడం ఇంకా ఆలస్యమవుతోంది. అటునుంచి వెళ్తే నన్ను ఆపలేదు. దాన్ని తాకను, తోయను, పక్కనుంచి వెళ్లిపోతానంతే. అయినా మనసొప్పడం లేదు. రేపు అటు వెళ్లనా, మాననా?"

మాస్టారు బంతిని ఒళ్లో పెట్టుకుని, తను ఆడిన చివరి ఆట సంగతి చెప్పారు.

ఆయన ఆట చాలిస్తున్నారని తెలిసి క్లబ్బువాళ్లు వీడ్కోలు పోటీ ఏర్పాటు చేశారు. అప్పటికి ఆయన మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఎదుటి జట్టులో ఆయన్ని కాచేందుకు నిలబడ్డవాడు తవిటయ్య, పలాస దగ్గర పల్లెటూరి కుర్రాడు. చిన్నప్పట్నుంచీ మాస్టారి ఆట చూసి ఆట నేర్చుకున్నవాడు. ఆ రోజు కూడా కోర్టులోకి రాగానే వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

ఆట మొదలైంది. మాస్టారు వేసిన ప్రతి బంతీ రింగులో పడుతోంది. జనం లేచి నిలబడి ఆయన పేరు పెట్టి అరుస్తున్నారు. ఆయన భార్య కమలాబాయి చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రబడి కూర్చుంది. మాస్టారికి మాత్రం నోరు చేదుగా ఉంది. తవిటయ్య చేతులు పైకి లేస్తున్నాయి గాని కాళ్లు కదలడం లేదు. పెద్దాయన మంచి స్కోరుతో వెళ్లాలని నిర్వాహకులు ఆ జట్టుకు ముందే చెప్పి ఉంచారు.

మాస్టారు ఆగిపోయారు. బంతిని రెండు చేతులా పట్టుకుని ఉన్నచోటే నిలబడ్డారు. బంతి వదలాల్సిన గడువు దాటింది, రిఫరీ విజిల్ వేశాడు, బంతి అవతలి జట్టుకు పోయింది. హాలంతా చప్పబడింది. ఆయన తవిటయ్య దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నారు: "నాకు సన్మానం చేయాలనుంటే శాలువాతో చెయ్యండి. బంతితో వద్దు."

తవిటయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ మోకాళ్లు బాగులేవు కదండీ గురువుగారూ..."

"మోకాళ్లు నావి, వాటి తిప్పలు నేను పడతాను. నీ ఆట నాకు బాకీ పెట్టకు."

ఆ తర్వాత తవిటయ్య ఆడాడు. మాస్టారి చేతిలోంచి బంతి లాక్కున్నాడు. ఆయన వేసిన బంతిని గాల్లోనే కొట్టి పడేశాడు. జనం వాణ్ణి తిట్టారు. పెద్దాయనని చూసి కాస్తయినా సిగ్గుపడమన్నారు. వాడు పళ్లు బిగించి ఆడాడు. ఆఖరి నిమిషాల్లో మాస్టారు కుడివైపు వెళ్తున్నట్టు భుజం వంచి, ఒంటికాలి మీద వెనక్కి తిరిగి, ఎడమచేత్తో బంతి వదిలారు. తవిటయ్య ఉన్న బలమంతా కూడదీసుకుని ఎగిరాడు. బంతి వాడి వేళ్ల మీదుగా పోయి బోర్డుకు తగిలి రింగులో పడింది. మాస్టారి జట్టు ఓడిపోయింది. ఆయన మాత్రం తవిటయ్య చెయ్యి పట్టుకుని పైకెత్తి, ఆ జనం ముందు కోర్టు చుట్టూ నడిపించారు.

"ఆ రోజు మొదట్లో వేసిన బుట్టల్ని ఎవరైనా పొగిడితే నాకు ఒళ్లు మండుతుంది," అన్నారు మాస్టారు రజియాతో. "ఆ చివరిది తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది." అంతే, లేచి బంతులన్నీ సంచిలో వేయమన్నారు. వెళ్లమనలేదు, మానమనలేదు.

మర్నాడు ఆట మొదలైన కాసేపటికే రజియా హేమలతకు ఎడమవైపునుంచి దూసుకుపోయి బంతి వేసింది. రెండోసారీ అటే వెళ్లింది. బెంచీ మీది పిల్లలు, "ఇదేం స్నేహమే!" అని గుసగుసలాడారు. హేమలత ముఖం జేవురించింది. మూడోసారి రజియా అటు తిరిగేసరికి ఆమె ఒక అడుగు ముందే జరిగి కాచుకుని ఉంది. బంతిని చేత్తో చరిచి లాక్కుని, కోర్టు ఆ చివరిదాకా పరుగెత్తి బుట్టలో వేసి, గొంతు చించుకుని అరిచింది. ఆపరేషన్ తర్వాత ఆ పిల్ల అలా అరవగా నేను వినలేదు. అక్కడినుంచి ఇద్దరూ ఢీ అంటే ఢీ అన్నారు. ఆట ముగిసేదాకా ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

ఎంపికైంది రజియా. పేరు చదవగానే హేమలత చెమట తుడుచుకుంటూ వచ్చి ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. "ఎడమవైపు వస్తావుటే? వచ్చే ఏడు రా, నీ సంగతి చెప్తాను!" అని, కొంచెం కుంటుతూ, తల మాత్రం దించకుండా బయటికి నడిచింది.

రజియా ఏడుస్తూ మాస్టారి దగ్గరికొచ్చింది. "అది ఓడిపోయింది మాస్టారూ."

మాస్టారు వెళ్తున్న హేమలతనే చూస్తున్నారు.

"అవునమ్మా. ఈ ఏడాదిలో దానికి ఆ మర్యాద చేసింది నువ్వొక్కదానివే," అన్నారు.