నాంచారమ్మ ముద్ద

ఏ ఏడో ఎవరూ చెప్పరు. ఏ నెలో చెప్పరు. గంట మాత్రం చెబుతారు. పొద్దున అయిదూ నలభైకి నాంచారమ్మ బావిలోకి చేద వేసింది.

అది సముద్రం పక్కన ఇసుక నేల. వేసవి వస్తే అక్కడ ఆడపిల్లలకు సైనిక శిక్షణ శిబిరం పెట్టేవారు. మూడు వందల మంది పిల్లలు, ఒకే బావి. ఆ నీళ్లు ఉప్పన. మంచినీళ్ల బండి రోజూ వచ్చేది గానీ, అధికారుల డేరాల దగ్గరే ఆగిపోయేది.

నాంచారమ్మ అక్కడ వంటమనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. శిబిరం నడిచే ఆ ఒక్క నెల పనే ఆమెకు ఏడాదంతా ఆధారం.

మొదటి రోజు ఒక పిల్ల కడుపునొప్పితో పడింది. రెండో రోజు నలుగురు. మూడో రోజు పదకొండు మంది.

“ఇంకో వారం ఉంటే ఊరుమిరపకాయలమైపోతాం అత్తా” అన్నారు పిల్లలు.

నాంచారమ్మ శిబిరం చూసుకునే సుబేదారు గవరయ్య దగ్గరికి వెళ్లింది.

“బాబూ, పిల్లలకు మంచినీళ్లు ఇప్పించు.”

“రేపు పెద్ద దొర వస్తున్నాడత్తా. వచ్చి వెళ్లాక చూద్దాం.”

పెద్ద దొర అంటే శిబిరాలన్నిటికీ పై అధికారి. ఆయన వస్తే ఒక ఆచారం ఉంది. పిల్లలు తినే వంట ముందుగా ఆయన ఒక ముద్ద తిని చూడాలి. ఆ ముద్ద ఎప్పుడూ వేరే గిన్నెలో వండేవారు. అది ఆయనకు తెలియదు. పిల్లలకు తెలుసు.

మర్నాడు గవరయ్య మూడుసార్లు వచ్చాడు.

ఆ అయిదూ నలభైకి బావి దగ్గర, “దొరకి బండి నీళ్లతో వేరే వండు” అన్నాడు. “అట్టాగే బాబూ.”

పొయ్యి దగ్గర, “విన్నావా?” అన్నాడు. “విన్నాను బాబూ.”

జీపు దుమ్ము కనిపించాక, “తేడా వస్తే నా భుజం మీద నక్షత్రం ఊడుతుంది. నువ్వు సాయంత్రానికి మూట సర్దుకోవాలి” అన్నాడు. “సర్దుకుంటాలే బాబూ.”

ఆమె వండింది ఒకటే వంట.

పెద్ద దొర పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. “ఇంత ఉప్పేశావేమ్మా?”

“నేను వెయ్యలేదు దొరా.”

మజ్జిగ తాగాడు. “ఇందులో?”

“వెయ్యలేదు దొరా.”

మంచినీళ్లు అడిగాడు. పిల్లల కుండలోంచే ముంచి ఇచ్చింది. ఒక గుక్క తాగి ఆమె ముఖంలోకి చూశాడు.

“నీళ్లల్లో ఉప్పెవరు వేస్తారు దొరా? బావే వేసింది. ఈ పిల్లలు రోజూ తాగేది ఇవే.”

వరుసలో ఒక పిల్ల కిసుక్కుమంది. గవరయ్య తల దించుకున్నాడు. పెద్ద దొర గ్లాసు ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. జీపెక్కాడు.

సాయంత్రం నాంచారమ్మ మూట సర్దుకుంది. ఊరు రెండు రోజుల దారి.

“బండి కట్టిస్తానత్తా” అన్నాడు గవరయ్య, ఎటో చూస్తూ.

“ఎడ్లకు మాత్రం ఎండ కాదా?” అని నడిచే వెళ్లింది.

ఆమె వెళ్లిన మూడో రోజుకు మంచినీళ్ల బళ్లు రెండు పిల్లల డేరాల ముందు ఆగాయి.

ఇప్పటికీ ఆ తీరంలో శిబిరం పెడితే, ఎంత పెద్ద అధికారి వచ్చినా వేరే పళ్లెం పెట్టరు. వరుసలో చివరి పిల్ల పళ్లెంలోంచి ఒక ముద్ద అడిగి తింటారు. దాన్ని నాంచారమ్మ ముద్ద అంటారు.

నీళ్లు పంపమని పెద్ద దొర రాసిన కాగితంలో రెండో వాక్యం కూడా ఉందని శిబిరంలో తెలిసింది, ఆ కాగితం చేతికొచ్చాక, ఆమె వెళ్లిన తొమ్మిదో రోజున. ‘వంటమనిషిని మార్చవద్దు’ అని. గవరయ్య ఆ కాగితం పట్టుకుని ఆమె ఊరికి వెళ్లాడు. ఆమె వడదెబ్బ తగిలి పోయి అప్పటికి నాలుగు రోజులైంది.