తాడుకు ఇవతల

మాలకొండయ్య ఇరవై రెండేళ్ళు మిలట్రీలో పనిచేశాడు. శత్రువు మీద ఒక్క తూటా కూడా పేల్చలేదు. అది ఆయన తప్పు కాదు. ఆ మాట ఎవరు చెప్పినా ఆయన తలకెక్కేది కాదు.

చేరిన కొత్తలో సరిహద్దులో గొడవలేమీ లేవు. తర్వాత ఒకసారి యుద్ధం వచ్చింది. వీళ్ళ పటాలాన్ని రైలెక్కించారు. ఆ రైలు వెళ్ళి వెళ్ళి పంజాబులో ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. ముందు లైను ఖాళీ లేదన్నారు. రైలు ఆగింది ఆగినట్టే ఉంది, అక్కడ యుద్ధం అయిపోయింది. వెళ్ళిన దారినే అందరినీ వెనక్కి తీసుకొచ్చారు.

ఆ తర్వాత హవల్దారయ్యాడు, పెన్షన్ తీసుకుని ఊరొచ్చాడు. ఊళ్ళో వాళ్ళు మిలట్రీ మాలకొండయ్య అన్నారు. కొన్నాళ్ళకి మాలకొండయ్య కూడా పోయి ఒట్టి మిలట్రీ మిగిలింది. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఏం మిలట్రీ, ఇటొచ్చావు" అంటే ఆయన నడుము ఇంకాస్త నిటారయ్యేది. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

ఆ పిలుపు ఆగస్టు పదిహేనున పోయింది.

పట్నంలో మాజీ సైనికుల సంఘం సభ పెట్టారు. మాలకొండయ్య ఇస్త్రీ కోటు తొడుక్కుని, పతకాలు పెట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. వేదిక మీద ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. సంఘం కార్యదర్శి మర్యాదస్తుడే, నలుగురిలో బాగుండదని వంగి చెవిలో చెప్పాడు. ఆ పక్కనే మైకు ఉంది. అది పనిచేస్తోంది.

"అన్నా, ఈ కుర్చీలు యుద్ధంలో పాల్గొన్నవాళ్ళకి. నువ్వు కింద కూర్చో అన్నా."

మైదానమంతా వినబడింది. మాలకొండయ్య లేచి మెట్లు దిగాడు. కింద ఆయన భార్య పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమె అలా జరగడమే ఆయనకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు టీ కొట్టు దగ్గర నిలబడి, ఇకమీదట తనను మిలట్రీ అని ఎవరూ పిలవొద్దని ప్రకటించాడు. ఒకతను నోరు జారి పిలిచాడు. మాలకొండయ్య గ్లాసు నేలకేసి కొట్టి, మా మఠానికి వచ్చిపడ్డాడు.

మా మఠం వెలిగొండల అంచున ఉంది. లింగన్న తాత సమాధి, ముందు ఒక వసారా, పక్కన వంటపాక, అంతే. సమాధి దగ్గర ఆరని దీపం ఒకటుంది. తాత పోయిన రోజు నుంచి దాన్ని ఆదెమ్మ అవ్వ చూసుకుంటోంది. తాతకి శిష్యురాలు, మా అందరికీ గురువు. ఉపన్యాసాలు ఇవ్వదు. అడిగినదానికి సమాధానం చెప్పడం కూడా ఆమెకు పెద్దగా ఇష్టం ఉండదు. తాత ఆమెతో రోజూ మాట్లాడతాడని మేమందరం నమ్మేవాళ్ళం. మాట్లాడతాడా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మాలకొండయ్య ఆమె దగ్గర ఉపదేశం తీసుకుని చాలా కాలమైంది. ఇప్పుడు ఉపదేశం సంగతి పక్కనపెట్టి ఒకటే ప్రశ్న పట్టుకున్నాడు.

"అవ్వా, నేను సైనికుణ్ణా కాదా?"

అవ్వ వంకాయలు తరుగుతుంటే అడిగాడు. గేదె దగ్గర పాలు తీస్తుంటే అడిగాడు. ఆమె స్నానానికి పోతుంటే వెనకాలే బావిదాకా వెళ్ళి అడిగాడు. మాకే విసుగొచ్చింది, ఇక ఆమెకు రాకుండా ఎలా ఉంటుంది. మొదట్లో వినబడనట్టు ఊరుకుంది. తర్వాత పని పురమాయించడం మొదలుపెట్టింది. ఆ వారంలో మఠంలో కట్టెలన్నీ చీలిపోయాయి, చింతపండులో ఒక్క గింజ మిగల్లేదు, ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం రుమాలులో పతకాలు మూటగట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇవి సమాధి దగ్గర పెట్టేస్తానన్నాడు. ఇక తనకూ వీటికీ ఏ సంబంధమూ లేదన్నాడు.

అవ్వ మూట విప్పి ఒకటి తీసి చూసింది.

"ఇది దేనికిచ్చార్రా?"

"తొమ్మిదేళ్ళు ఉన్నందుకు."

"ఇదో?"

"ఇరవయ్యేళ్ళు ఉన్నందుకు."

"ఉన్నందుకే ఇస్తారా?"

"ఉన్నందుకే," అన్నాడు మాలకొండయ్య. "అదే నా ఏడుపు అవ్వా. చేసినందుకు ఒక్కటీ లేదు."

ఆమె పతకాన్ని చీర కొంగుతో తుడిచి మళ్ళీ మూటలో పెట్టింది. తన దగ్గర పెట్టుకోవడానికి చోటు లేదని, మూట తీసుకుపొమ్మని చెప్పింది. ఆయన కదల్లేదు. ఆమె చేతిలో పని ఆపి, ఇక తప్పదన్నట్టు అడిగింది.

"ఆ రైలు ఆగింది గదా. అన్నాళ్ళూ ఆ టేసన్లో ఏం జేశార్రా మీరు?"

"ఏం చేస్తాం. పొద్దున్నే లేచి తుపాకి విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకునేవాళ్ళం. బూట్లు కాళ్ళకే ఉంచుకుని కూర్చునేవాళ్ళం. ఎప్పుడు కదిలిస్తారో తెలవదు గదా."

"దినామా?"

"దినామే."

"తుప్పు పట్టిందా?"

"తుప్పెట్టా పడుతుంది అవ్వా?" మాలకొండయ్యకు నిజంగానే కోపం వచ్చింది. "నా చేతిలో ఉండగా తుప్పెట్టా పడుతుంది?"

అవ్వ గేదెకు కుడితి పెట్టమని పంపించేసింది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. ఇంత అడిగి ఇదా జవాబు అనుకున్నాం మేము కూడా.

ఇక్కడ తాడు సంగతి చెప్పాలి.

అంతకు మూడు నాలుగు నెలల ముందు ఒక పౌర్ణమినాడు తోపులాటలో ఓ పసిపిల్ల పావడా దీపానికి తగిలింది. ప్రమాదమేమీ కాలేదు. కానీ వచ్చే పౌర్ణమికల్లా మాలకొండయ్య వసారా స్తంభానికీ స్తంభానికీ మధ్య తాడు కట్టేశాడు. కట్టుకోమంది అవ్వ. ఆ ముడి మిలట్రీ ముడి, ఎంతమంది తోసినా బిగుసుకుంటుందే తప్ప ఊడదనీ, తెలిసినవాడు కొస పట్టి ఒక్కసారి లాగితే విడిపోతుందనీ వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. మెళ్ళో విజిలు కూడా వేసుకున్నాడు.

తాడు అయితే కట్టాడు గానీ, లోపల ఎవరు, బయట ఎవరు? అందరూ లోపలికే వస్తామంటే తాడెందుకు? ఆయన బాగా ఆలోచించి, అనుభవం అయినవాళ్ళు లోపల అన్నాడు. అంటే కళ్ళు మూసుకుంటే వెలుగు కనబడ్డవాళ్ళు, గంట వినబడ్డవాళ్ళు, తాత కలలోకి వచ్చినవాళ్ళు. ఇంకా ఏమీ కానివాళ్ళు బయట. తను మాత్రం తాడు దగ్గర నిలబడేవాడు. డ్యూటీలో ఉన్నవాడికి లోపలా బయటా ఏమిటి?

తాడు కట్టిన నెలలో మా మఠంలో ఎన్నడూ లేనంతమందికి అనుభవాలయ్యాయి. తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన పేరయ్య గారికి నీలం వెలుగు కనబడింది. కిరాణా కొట్టు రత్తమ్మకు నిద్రలో విభూతి వాసన వచ్చింది. ఆమె తోడికోడలికి ఆ మర్నాడే అంతకన్నా గట్టిగా వచ్చింది.

గొర్రెలు కాసే పోలయ్యకు మాత్రం ఏమీ కాలేదు. మాలో ఎవరం రాకముందు నుంచీ పోలయ్య పౌర్ణమి పౌర్ణమికి వస్తున్నాడు. దీపం పక్కన గోడకానుకుని కూర్చునేవాడు. అనుభవం ఏమైంది అని మాలకొండయ్య అడిగితే, "ఏం గాలేదు సామీ, కూచుంటే బాగుంటది," అన్నాడు. అలా కుదరదని చెప్పి మాలకొండయ్య ఆయన్ని బయట చెప్పులు విడిచే దగ్గరకు పంపాడు. పోలయ్య గొంగడి దులుపుకుని వెళ్ళి అక్కడే కూర్చున్నాడు. ఆ ముసలాయన లేచి వెళుతుంటే చూసి కూడా మేము నోళ్ళు మూసుకున్నాం. మాకూ సిగ్గులేదు.

ఆగస్టు గడిచాక పౌర్ణమి వచ్చింది.

ప్రతి పౌర్ణమికీ పొద్దుగూకే వేళ అవ్వే స్వయంగా దీపంలో నూనె పోస్తుంది. ఆ చెంబు ఇంకొకరి చేతికి ఇవ్వగా మేము చూడలేదు. ఆరోజూ చెంబు పట్టుకుని వచ్చింది. లోపలివాళ్ళు లోపల కళ్ళు మూసుకుని ఉన్నారు. బయటివాళ్ళు బయట ఉన్నారు. మాలకొండయ్య ముఖం వేలాడేసుకునే నిలబడ్డాడు గానీ, డ్యూటీ మాత్రం మానలేదు. అవ్వను చూసి, ఆమె వంగకుండా వెళ్ళేటట్టు తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

అవ్వ వెళ్ళలేదు. తాడుకేసి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి నడిచి, చెప్పుల మధ్య పోలయ్య పక్కన చతికిలబడింది. చెంబు ముందు పెట్టుకుంది.

మాలకొండయ్య తాడు పట్టుకున్న చేతిని దించడం మరిచిపోయాడు.

"అవ్వా, అక్కడ కూర్చున్నావేంది? నీ చోటు లోపల."

"లోపల ఎవరికి రా?"

"అనుభవం అయినవాళ్ళకి."

"నాకు గాలేదు."

ఆయన నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు. అవ్వ ముఖం చూసి నవ్వు ఆపేశాడు. లోపల కళ్ళు మూసుకున్నవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడానా?" అన్నాడు, మెల్లగా.

"ఒక్కసారి గూడా గాలేదు. వెలుగూ లేదు, గంటా లేదు. కలలోకన్నా రాలేదు ఆయన. పోతా పోతా దీపం చూస్కోమన్నాడు, చూస్కుంటన్నా. ఎప్పుడన్నా వస్తాడేమోనని తలుపు గడియ బెట్టను. ఇంతేరా నా సంగతి. అడిగి అడిగి పానం తీశావు గదా, ఇను."

వసారాలో ఎవరం కదల్లేదు. ఎవరిని చూసుకుని మేమంతా కొండ కిందికి వస్తున్నామో ఆమెకే ఏమీ కాలేదట. పేరయ్య గారు దగ్గారు. నీలం వెలుగు సంగతి ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఈలోగా దీపం తగ్గింది. వత్తి చిటపటలాడింది. లోపల అంతమంది ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరైనా నూనె పొయ్యండి అన్నారు పేరయ్య గారు, కూర్చున్నచోటే కూర్చుని. చెంబు తాడుకు ఇవతల ఉంది. అవ్వ లేవలేదు. ఆమె కూడా దీపం వైపే చూస్తోంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

మాలకొండయ్య స్తంభం దగ్గరకు వెళ్ళాడు. ముడి కొస పట్టి లాగాడు. ఆయన చెప్పినట్టే ఒక్కసారికే విడిపోయింది. రెండో స్తంభం దగ్గరా విప్పాడు. అలవాటు పోలేదు కాబట్టి, అంత ఆత్రంలోనూ తాడును మోచేతికి చక్కగా చుట్టి పక్కన పెట్టాడు. మెళ్ళో విజిలు తీసి దానిమీద పెట్టాడు.

తర్వాత వెళ్ళి పోలయ్యకు చెయ్యి అందించాడు.

"లే పోలయ్యా. నీ చోటికి పోయి కూర్చో."

"నాకింకా ఏం గాలేదు సామీ."

"నాకూ గాలేదు," అన్నాడు మాలకొండయ్య. "లే."

పోలయ్యను పట్టుకుని తీసుకెళ్ళి దీపం పక్కన, గోడకానించి కూర్చోబెట్టాడు. తిరిగొచ్చేసరికి అవ్వ చెంబు పైకెత్తి ఆయనకేసి చాపి ఉంది. ఆయన ముందు చెంబుకేసి, తర్వాత ఆమెకేసి చూశాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నేనా అవ్వా?"

అవ్వ విసుక్కుంది.

"నా రైలు గూడా ఇంకా ఆ టేసన్లోనే ఉందిరా, మిలట్రీ. నూనె పొయ్యి."