కణుపు చెప్పని మాట

ఒకప్పుడు జొన్న మొక్కకు నేలపైన వేళ్ళు ఉండేవి కావు. వేరు కింద మట్టిలో, ఆకు పైన ఎండలో. ఇద్దరి మధ్య, నేలకు బెత్తెడు ఎత్తున, ఒక చిన్న కణుపు.

వేరు అక్క, ఆకు చెల్లెలు. "అక్కా, దప్పికే!" అని ఆకు అంటే కణుపు ఆ మాట కిందికి చేరవేసేది. వేరు పంపిన నీళ్ళు పైకి అందించేది. మోసుకుపోవడమే గానీ, తనంతట తాను నోరు విప్పేది కాదు. దానికి అందరన్నా భయమే.

ఆ ఏడు ఓబులమ్మ నల్లరేగడి చేనులో జొన్న వేసినాక వాన మొహం చూపలేదు. చేను నెర్రెలు విచ్చింది. అయినా వేరు లోతుకు దిగి, నేలతల్లి దాచిపెట్టిన తడిని తెచ్చి ఇచ్చింది. కంకి వచ్చింది. గింజకు పాలు పడుతున్నాయి. ఏడాది పొడుగునా ఓబులమ్మ ఇంట్లో సంగటి ఉడకాలంటే ఆ గింజే దిక్కు.

సరిగ్గా అప్పుడే, వేడెక్కిన మట్టిలోంచి బొగ్గుపొడి లాంటి నల్ల తెగులు వచ్చి వేరును పట్టుకుంది.

"ఏమ్మా, తడి ఇక్కడే ఉంది కదా, తీసుకోవేం?" అంది నేలతల్లి.

"ఎట్లా తీసుకునేదమ్మా? నా నోళ్ళు ఒక్కొక్కటే కుళ్ళిపోతున్నాయి." వేరు కణుపును పిలిచింది. "చెల్లెలికి చెప్పవే. నాకు ఒంట్లో బాగాలేదు. కొన్నాళ్ళు ముడుచుకుని, నీళ్ళు తక్కువ తాగమను. ఉన్న కాసిన్నీ గింజకు సరిపెడదాం."

కణుపు చెప్పబోయింది. అంతలో పైనుంచి ఆకు ఒకటే అరుపు.

"ఏం కణుపూ, మా అక్క కునుకు తీస్తోందా? నీడన ఉండేవాళ్ళకు ఎండ సంగతి ఏం తెలుస్తుందిలే!"

కంకి మీద వాలిన చిలక కిచకిచా నవ్వింది.

కణుపు ఆ మాటను లోపలే దాచుకుంది. 'ఇంత కోపంలో చెబితే నన్నూ తిడుతుంది. రేపు చెబుదాం' అనుకుంది.

"చెప్పినావా?" అని అడిగింది వేరు.

"ఆఁ" అంది కణుపు.

ఇక చెల్లెలు చూసుకుంటుందిలే అని వేరు నెమ్మళించింది. మర్నాడు ఆకు ఇంకా వెడల్పుగా విప్పుకుని, ఇంకా నీళ్ళు అడిగింది. కణుపు ఆ రోజూ చెప్పలేదు. మూడోనాడు కిందినుంచి నీళ్ళూ రాలేదు, మాటా రాలేదు.

చేను తెల్లబోయింది. ఓబులమ్మ, మొగుడు పుల్లన్న పరుగున వచ్చినారు.

"వాన లేక పోయిందిలేవే. మనమేం చేస్తాం" అన్నాడు పుల్లన్న.

ఓబులమ్మ కొడవలి మొనతో మొక్క పక్కన తవ్వింది. చెయ్యి పెట్టి చూసింది.

"ఏమయ్యో, ఇట్లా రా! అడుగున తడి అట్లే ఉంది. వేరు చూడు, బొగ్గయిపోయింది. నీళ్ళ మధ్యనే ఉండి దప్పికతో చచ్చింది కదయ్యా!"

కొసప్రాణంతో ఉన్న ఆకు ఆ మాట విన్నది. "అక్కకు జబ్బా? కణుపూ, నీకు తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పమంది. నేనే చెప్పలేదు."

"ఒక్క మాట అని ఉంటే ముడుచుకునేదాన్ని కదే. లేవలేని దాన్ని పట్టుకుని ఎన్ని మాటలన్నాను!" ఆకు చాపలా చుట్టుకుపోయింది. మళ్ళీ విప్పుకోలేదు.

అప్పుడు కణుపు తన ఒంట్లోంచే వేళ్ళు పొడుచుకుని కిందికి చాచింది. "అక్కా! అక్కా!" నేల బెత్తెడే దూరం. కానీ ఎండ సాగనిచ్చిందా? అందకముందే అవి ఎండిపోయినాయి.

కంకిలో గట్టిపడ్డ గింజలు గుప్పెడే. ఓబులమ్మ వాటిని కొంగున ముడేసుకుని, మరుసటి ఏడు విత్తింది. ఆ గింజలు ఏదీ మరిచిపోలేదు.

అప్పటినుంచే, ఎండ ముదిరితే జొన్న ఆకు ఎవరూ చెప్పకముందే చుట్టుకుంటుంది. అప్పటినుంచే, అడుగు కణుపు వేళ్ళు చాచి నేలవైపు వంగుతుంది. తడి ఉన్న ఏడు అవి మట్టిలో దిగి మొక్కను నిలబెడతాయి. వాన లేని ఏడు చేనికి పోతే వంగి చూడండి పిల్లలూ. నేలకు వేలెడు దూరంలో ఎండి ఉంటాయి, నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట లాగా.