పుస్తకం చేతులు కడుక్కుంటుందా?

విశ్వపతి అనే డాక్టరు ఒక పెద్దాసుపత్రిలో ఒకరి జబ్బు ఒకరికి అంటకుండా చూసే పని చేస్తుండేవాడు. ఆయన పనికి వంక లేదు గానీ, పక్కవాళ్లకు వంక పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉండేది. చేతులు కడుక్కోకుండా రోగిని ముట్టుకున్న నర్సు పేరు, ఉంగరం తీయని డాక్టరు పేరు, అన్నీ అందులోకి ఎక్కేవి. ఆయన వార్డులో అడుగుపెడితే చాలు, కుళాయి దగ్గర తిరునాళ్లే! నవ్వుకోండి గానీ, ఆయన వచ్చాక అక్కడ కుట్లు చీము పట్టడం సగానికి తగ్గింది. ఆ మాట ఒప్పుకోవాలి.

అలాంటిది, ఒక ఏడాది బాలింతల వార్డులో వారం తిరక్కుండా ముగ్గురికి ఆపరేషను కుట్లు చీము పట్టాయి. మూడో మనిషి లోవలక్ష్మికి ఒళ్లు కాలిపోతోంది. పక్కనున్న పసిగుడ్డును ఎత్తుకోలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూసి విశ్వపతి ప్రాణం ఉసూరుమంది. ఆ బాధంతా కోపమై, నేల తుడిచే ఆయా నూకాలమ్మ మీద పడింది.

“శుభ్రం చేసేది నువ్వు. తప్పు నీదే. రేపటి నుంచి పనిలోకి రావద్దు,” అంటూ పుస్తకంలో ఆమె పేరు రాశాడు.

నూకాలమ్మ తుడుపుకర్రను గోడకు ఆనించింది.

“పోతాను బాబూ. పోయే ముందు ఒక్క మాట. తమరు మంచానికోసారి చేతులు కడుగుతారు. ఆ పుస్తకాన్ని మాత్రం ఈ తల్లి పక్కమీద పెడతారు, తీసి ఆ తల్లి పక్కమీద పెడతారు. అదెప్పుడు చేతులు కడుక్కుంటుందండీ?”

నర్సులు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. విశ్వపతి విసవిసా వెళ్లి, అట్టను దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపాడు. మూడో రోజున రిపోర్టు వచ్చింది. ముగ్గురి చీములో ఉన్న క్రిమే అట్టమీదా ఉంది!

ఆ కాగితం చూసింది ఆయనొక్కడే. చింపేస్తే అడిగేవాడు లేడు.  అయినా నూకాలమ్మను ఇంటి నుంచి పిలిపించి, వార్డుకి వెళ్లి అందరి ముందూ దాన్ని చదివాడు. నూకాలమ్మ పేరు కొట్టేసి, కింద తన పేరు రాసుకున్నాడు.

“నూకాలమ్మా, తప్పు నాది. క్షమించు,” అన్నాడు.

“నాకెందుకు బాబూ, ఆ పిల్లతల్లికి చెప్పండి,” అంది ఆమె.

ఆయన వెళ్లి లోవలక్ష్మికీ చెప్పాడు. పుస్తకాన్ని ఆ రోజే కాల్పించేశాడు. క్రిమి ఏదో తెలిసింది గనక సరైన మందు పడి, లోవలక్ష్మి పదిరోజుల్లో బిడ్డనెత్తుకుని ఇంటికి వెళ్లింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ విశ్వపతి ఒట్టి చేతులతోనే వార్డుకి వచ్చేవాడు. వస్తూనే, “నూకాలమ్మా, ఇవాళ నా తప్పేమైనా కనబడిందా?” అని అడిగేవాడు.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. అందుకే ఒకరి తప్పు రాసేముందు, రాసే చెయ్యీ పుస్తకమూ శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.